గంట మోగుతుంది, లెక్కపెట్టండి



ఇవాళ స్టూడియోలోకి నాతోపాటు ఒక చిన్న ఇత్తడి గంట తెచ్చుకున్నాను. మా ఇంట్లో పూజగదిది. సాయంత్రం దీపం పెట్టే వేళకి తిరిగి తెచ్చేస్తానని మాటిచ్చి మరీ తెచ్చాను. దీని చప్పుడు ఇలా ఉంటుంది.

(గంట)

ఇది లెక్కలోకి రాదు. ఇకమీదట మోగేవి లెక్కలోకి వస్తాయి. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ, నాకు తోచిన చోట దీన్ని మోగిస్తాను. మోగించి ఆగను, నా దారిన నేను పోతుంటాను. మీరు వేళ్లు మడవకండి, కాగితం మీద గీతలు పెట్టకండి. లెక్క మనసులోనే ఉంచుకోండి. నా మాటలు కూడా వినండి సుమా! మొత్తం ఎన్నిసార్లు మోగిందో చివర్లో అడుగుతాను.

అష్టావధానం చూసినవారు ఈపాటికే పట్టేసి ఉంటారు, ఇది ఘంటాగణనం అని. అవధాని పద్యాలు అల్లుతూ ఉంటే ఒకరు పక్కన కూర్చుని గంట కొడుతుంటారు. సభ ముగిసేసరికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అవధాని చెప్పాలి.

నన్ను మాట్లాడమన్నది కాలాన్ని ఎలా వాడుకోవాలన్న దాని గురించి. అదడిగితే అవధానం ఎత్తుకున్నాడేమిటని అనుకోకండి. అవధానం అనగానే మనకు పద్యాల సభ గుర్తొస్తుంది కానీ, ఆ మాటకు అసలు అర్థం మనసు పెట్టడం. పెళ్లిలో పురోహితులు 'సావధాన' అని గట్టిగా అనేది అందుకే. ముహూర్తం దగ్గరపడింది, కబుర్లు ఆపి మనసు ఇటు పెట్టండి అని హెచ్చరిక. టైము చాలడం లేదని మనమంతా మొత్తుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి మొత్తుకున్నాను. తీరా లెక్క చూసుకుంటే టైము ఉన్నంత ఉంది. చాలకుండా పోయింది అవధానం.

(గంట)

ఈ సంగతి నాకు మొదట తెలిసింది తొమ్మిదో తరగతిలో. తెలిసిందని కూడా అప్పుడు తెలియలేదు.

మా ఊరి గ్రంథాలయం వార్షికోత్సవానికి అష్టావధానం పెట్టారు. గంట కొట్టాల్సిన పెద్దమనిషి బస్సు తప్పిపోయి రాలేకపోయారు. సభకు సంచాలకులు మా తెలుగు మాస్టారే. ఆయన చుట్టూ చూసి, ముందు వరసలో చాపమీద కూర్చున్న నన్ను లేపి, చేతిలో గంట పెట్టి, "ఒరే, నీకు బుద్ధి పుట్టినప్పుడల్లా కొట్టు. ఎన్ని కొట్టావో గుర్తుపెట్టుకో. అంతే నీ పని" అన్నారు.

అంతకంటే తేలికైన పని ఇంకోటి ఉంటుందా? ఎలాగైనా అవధానిగారిని బోల్తా కొట్టించాలని నా పంతం. వద్దన్న అక్షరం రాకుండా పద్యం చెప్పే నిషిద్ధాక్షరి దగ్గర ఆయన కాస్త తడుముకుంటున్నట్టు కనిపిస్తే చాలు, ఠంగుమనిపించేవాణ్ణి. ఆయన తల తిప్పేవారు కాదు. ఇంతలో సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన లేచారు. ఆయన మా ఊళ్లో హోమియో డాక్టరు, మాటకారి. "అవధానిగారూ, పొద్దున మా ఊరి హోటల్లో తమరు తిన్న ఉప్మా ఏ ఛందస్సులో ఉందండీ?" అని అడిగారు. "ఛందస్సు తెలియలేదు కానండీ, ముద్దముద్దకీ యతి పడింది. ఆగి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది" అన్నారు అవధానిగారు. సభ ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వులోనే గంట కొట్టాను.

చివర్లో అవధానిగారు పదిహేడు అన్నారు. మాస్టారు నావైపు చూశారు. నా లెక్క పదహారు. లేచి నిలబడి "పదహారేనండి" అన్నాను, గెలిచేశానన్న ఊపులో. అవధానిగారు చిరునవ్వు నవ్వి, "ఉప్మా దగ్గర రెండు కొట్టావు నాయనా" అన్నారు. మాస్టారు తన కాగితం మీది గీతలు చూసి పదిహేడేనని తేల్చారు.

ఎనిమిది మందికి జవాబు చెప్పిన మనిషి లెక్క తప్పలేదు. ఒక్కటే పని ఉన్నవాడి లెక్క తప్పింది. ఆ తేడా ఎక్కడుందో నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఒకేసారి పది పనులు చేసేవాణ్ణి చూసి మనం "వాడు అష్టావధాని" అంటాం. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో అన్నం ముద్ద, కంటికి టీవీ, నోటికి పిల్లాడి మీద కేకలు. అష్టావధానం అంటే ఇదే అనుకుంటాం. సభలో జరిగేది చూడండి.

నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, అవధాని నోట ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి అది వద్దంటాడు. సమస్య ఇచ్చేవాడు అర్థంపర్థం లేనట్టు కనిపించే ఒక పాదం పడేసి పద్యం పూర్తిచేయమంటాడు. దత్తపది వాడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటిని ఇమిడ్చి చెప్పమంటాడు. వర్ణన అడిగేవాడు ఫలానా ఛందస్సు కావాలంటాడు. ఆశువు, పురాణ పఠనం, ఘంటాగణనం, అప్రస్తుత ప్రసంగం. సభను బట్టి వీటిలో కొన్ని మారి వ్యస్తాక్షరో, చదరంగమో వస్తాయి. మొత్తం ఎనిమిది మంది. కానీ అవధాని ఏ క్షణంలో చూసినా ఒక్కడి దగ్గరే ఉంటాడు. ఒకరికి ఒక పాదం పూర్తిగా చెప్పి, తర్వాతి వారి దగ్గరికి వెళతాడు. పద్యం అడిగినవాళ్లందరికీ ఒక్కో పాదం అయ్యాక ఒక ఆవృత్తి. నాలుగు పాదాల పద్యాలు నాలుగు ఆవృత్తుల్లో నిండుతాయి. తిరుపతి వేంకట కవులు సంస్థానాల్లో శతావధానాలు చేసినప్పుడు పృచ్ఛకులు నూరుగురు. అక్కడా పద్ధతి ఇదే. నూరుమందీ వరసలోనే వస్తారు.

(గంట)

మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య అవధాని మిగతావాళ్లందరినీ చుట్టి వస్తాడు. అయినా తిరిగొచ్చేసరికి తను ఆపిన చోటు ఆయనకు తెలుసు. ఎందుకంటే ఆయన పాదం మధ్యలో లేచిపోలేదు. పాదం చివర ఆగాడు. ముప్పై ఏళ్లు నాకు తెలియకుండా పోయింది ఈ చిన్న సంగతే.

నా బతుకుతెరువు అనువాదం. ఇంట్లోనే పని. తోటివాళ్లు "నీకేమయ్యా, ఆఫీసు లేదు, బస్సు లేదు, రోజంతా నీదే" అంటారు. నిజమే, రోజంతా నాదే. కానీ ఒకసారి పది పేజీలు వారంలో ఇస్తానని ఒప్పుకుని, మూడు వారాలు నానబెట్టాను. పుస్తకం వేసేవారు మర్యాదస్తులు కాబట్టి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అన్న సామెత నన్ను చూసి పుట్టిందా అనిపించింది.

ఒకరోజు పంతం పట్టి, బల్లమీద కాగితం పెట్టుకుని, పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండున్నర దాకా ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒక గీత పెట్టాను. ముప్పై ఒక్క గీతలు. ఫోను నిజంగా మోగినవి వేరే గుర్తుతో పెట్టాను. పదకొండు. అంటే ఇరవైసార్లు అది మోగనే లేదు, నేనే తీశాను. ఒక మాటకు సరైన తెలుగు దొరక్క చేయి అటు పోయింది. పేరా పూర్తయిందన్న సంతోషంలో పోయింది. ఒకసారైతే నిఘంటువు చూద్దామని తీసి, బురద గుంటలోంచి పైకి రావడానికి అవస్థ పడుతున్న ఏనుగు పిల్ల వీడియోలో పడ్డాను. అది సగం దాకా ఎక్కుతుంది, జర్రున జారుతుంది. వాళ్లమ్మ వెనకనుంచి తొండంతో నెడుతుంది.

(గంట, గంట)

మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ జారుతుంది. అది గట్టెక్కేదాకా నాకు ఊపిరాడలేదు. అది గట్టెక్కింది. నా పేజీ మాత్రం గుంటలోనే ఉండిపోయింది. ఏ మాట కోసం నిఘంటువు తెరిచానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖలో గ్లోరియా మార్క్ అనే ఆచార్యురాలు రెండు దశాబ్దాలుగా ఇదే గమనిస్తున్నారు. 2004 ప్రాంతంలో ఆవిడ చూసినప్పుడు, కంప్యూటరు మీద పనిచేసేవాళ్లు ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారు. ఇటీవలి సంవత్సరాల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. ఆవిడ గమనించిన మరో సంగతి నా గీతలకు దగ్గరగా ఉంది. పనికి కలిగే అంతరాయాల్లో ఇంచుమించు సగం బయటివాళ్లవి కావు, మనకు మనం కల్పించుకునేవే.

మధ్యలో అలా ఫోను చూస్తే మాత్రం ఏం పోయింది, అర నిమిషమే కదా అనిపిస్తుంది. పోయేది ఆ అర నిమిషం ఒక్కటే అయితే బాధ లేదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక విషయం చూపించారు. పూర్తికాని పనిని మధ్యలో వదిలి ఇంకో పనికి మారితే, మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని నాసిగా తయారవుతుంది. మన వంటింటి భాషలో చెప్పుకుందాం. మజ్జిగ పోసిన గిన్నె కడక్కుండా అందులోనే పాలు పోసి పొయ్యిమీద పెడితే ఏమవుతుంది? పాలు మంచివే, మంట సరిగానే ఉంది. అయినా విరిగిపోతాయి. పొద్దున్నుంచీ కష్టపడ్డాను, ఒక్క పనీ తెమల్లేదు అని మనం అనుకునే రోజులు ఇలా విరిగిన పాలే.

ఆ లెరాయే మరొకరితో కలిసి 2018లో మందు కూడా చెప్పారు. మధ్యలో లేవక తప్పనప్పుడు, ఎక్కడ ఆపానో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో ఒక్క ముక్క రాసి లేవడం. అంతమాత్రానికే మనసు పాత పనిని వదిలి కదులుతుందట. నాకైతే వెంటనే మా ఊరి సభ గుర్తొచ్చింది. పాదం చివర ఆగడమంటే ఇదే కదా!

అప్పటినుంచి నా పనిని పాదాలుగా కోసుకుంటున్నాను. "ఇవాళ అనువాదం చేయాలి" అన్నది పాదం కాదు, దానికి చివర లేదు. "ఈ రెండు పేరాలు" అన్నది పాదం. "ఇల్లు సర్దాలి" పాదం కాదు, "ఈ ఒక్క బీరువా అర" పాదం. పాదం మధ్యలో తలుపు చప్పుడైతే, లేచేముందు కాగితం మీద తర్వాతి వాక్యం మొదటి మాట గీకి లేస్తాను. నాలుగు క్షణాల పని.

ఇదంతా చదువుకున్నవాళ్లు బల్ల ముందు కూర్చుని చేసే విలాసం అనుకోకండి. మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారిని చూడండి. సాయంత్రం ఆరింటికి కొట్టు ముందు పదిమంది. "అరకిలో కందిపప్పు" అని ఒకరు, "పావు కారం" అని ఇంకొకరు, వెనకనుంచి "మా అమ్మ ఖాతాలో రాయమంది" అని ఒక పిల్ల. ఆయన తలుపు వేసుకుని కూర్చోలేడు, ఆయన బేరమే పృచ్ఛకులు. కానీ కందిపప్పు తూచాడంటే పొట్లం కట్టి, దారం తెంపి, చీటీ మీద రేటు వేసి గానీ కారం డబ్బా మూత తియ్యడు. పిల్లకు మాత్రం తల ఊపుతాడు, విన్నానన్నట్టు. ఆయన కొట్లో తూకం తేడా వచ్చిందన్న మాట నేనెప్పుడూ వినలేదు.

(గంట)

పనికి కొలత పాదం అయితే, కాలానికి కొలత ఏమిటి? తెలుగులో గంట అంటే మోగేదీ అదే, గడిచేదీ అదే. కానీ గంటకంటే ముందు మనకు గడియ ఉంది. రోజుకు 60 గడియలు. ఒక గడియకు 24 నిమిషాలు. గడియను మళ్లీ 60 భాగాలు చేస్తే విగడియ, అంటే 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం, 48 నిమిషాలు. పూర్వం అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్లతొట్టిలో వదిలేవారు. బెజ్జంలోంచి నీరెక్కి గిన్నె మునిగితే ఒక గడియ. మునగగానే గంట కొట్టి చాటేవారు. గడియారం అన్న మాట ఆ గడియ నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఇటలీకి పోదాం. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే కాలేజీ కుర్రాడు చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టైమరు ఒకటి తెచ్చి ముందు పెట్టుకున్నాడు. అది మోగేదాకా చదువు తప్ప ఇంకో పని చేయనని పందెం. ఆ టైమరు టమాటా ఆకారంలో ఉండేది. ఇటలీ భాషలో టమాటాను పొమొదోరో అంటారు. ఆ పేరుతోనే ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. మన గడియకు ఒక్క నిమిషం ఎక్కువ.

చూశారా, మనవాళ్లకు ముందే తెలుసు అని మీసం మెలెయ్యనక్కర్లేదు. గడియ రోజును అరవై భాగాలు చేస్తే వచ్చిన కొలత, ఏకాగ్రత కోసం పుట్టింది కాదు. కానీ కొలత మన దగ్గర ఉంది, వాడుకుంటే మన సొమ్మేం పోతుంది? మామూలు పనికి ఒక గడియ, తలబరువు పనికి రెండు గడియలు. నేను పెట్టుకున్న లెక్క ఇది. ఆ 47 సెకన్లు గుర్తున్నాయా? అవి దాదాపు రెండు విగడియలు. రెండు గడియలు కూర్చోవాల్సిన చోట రెండు విగడియలకే లేచిపోతున్నాం. పోతనగారూ, తిక్కనగారూ మనకంటే మేధావులు కావచ్చు, అది వేరే సంగతి. వాళ్ల రోజుకూ అరవై గడియలే.

మొదట్లో నావల్ల గడియ కూడా కాలేదు. ఎనిమిదో నిమిషానికే చేయి దురదపెట్టేది. అప్పుడు మా ఊరి సభలో అవధానిగారిని గుర్తు తెచ్చుకునేవాణ్ణి. గంట మోగినప్పుడు ఆయన ఏం చేశారు? చెవులు మూసుకోలేదు. నన్ను కసరలేదు. లేచి నా దగ్గరికి రాలేదు. ఒకటి అని లెక్క వేసుకుని పద్యంలోనే ఉన్నారు. ఫోనును గెలవాలంటే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలని చెబుతారు. కుదిరితే అదీ మంచిదే. కుదరనివాళ్లకు ఘంటాగణనం ఉంది. మోగిందా, కాగితం మీద ఒక గీత. చేయి దురదపెట్టిందా, ఇంకో గీత. గడియ అయ్యాక ఆ గీతలన్నిటికీ జవాబు చెప్పండి. వాటిలో గడియసేపు ఆగలేనివి ఎన్నో మీకే తెలుస్తుంది. నాకైతే వారంలో రెండు తేలాయి.

(గంట)

ఇక అప్రస్తుత ప్రసంగి. ఈ మాట దగ్గర నాకు కాస్త జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఏకాగ్రత గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్లు ఈయన్ని సభలోంచి గెంటేయమంటారు. కబుర్లు మానండి, సినిమాలు మానండి, అరుగు మీద కూర్చోవడం మానండి అంటారు. అవధాన విద్యను తీర్చిదిద్దిన పెద్దలు ఆ పని చేయలేదు. ధ్యాస చెడగొట్టేవాణ్ణి పిలిచి, కుర్చీ వేసి, ఎనిమిదిమందిలో ఒకణ్ణి చేశారు. ఆయన లేని సభ చప్పగా ఉంటుంది. జనం పద్యం కోసం ఎంతమంది వస్తారో, ఆయన చమత్కారం కోసం అంతమంది వస్తారు. కానీ ఆయన ఎనిమిదిలో ఒకడు. ఎనిమిది కుర్చీల్లోనూ ఆయనే కూర్చుంటే అది అవధానం కాదు, రచ్చబండ.

కబుర్లాడే స్నేహితుడు, క్రికెట్టు, మనవరాలి ప్రశ్నలు, ఆ ఏనుగు పిల్ల కూడా. వీటికి ఒక కుర్చీ ఉండాలి. నా మటుకు నాకు మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గడియలు అప్రస్తుతానికే. అప్పుడు పని గురించి ఆలోచన వస్తే దాన్నే అప్రస్తుతంగా చూస్తాను. అవధాని అయినా రెండు మూడు గంటల సభ చేసి లేస్తాడు. పొద్దున్నుంచి రాత్రిదాకా సభలోనే కూర్చోమంటే ఏ పండితుడి వల్లా కాదు. మనసుకు అంత బరువు మోసే శక్తి రోజులో కొన్ని గడియలే ఉంటుంది. మిగతా గడియలు నిద్రకూ, నడకకూ, మనుషులకూ.

ఇన్నిటినీ పట్టి నిలిపేవాడు ఒకడున్నాడు, సంచాలకుడు. ఎవరి తర్వాత ఎవరో ఆయన చెబుతాడు. ఒకరి వంతులో ఇంకొకరు జొరబడితే కూర్చోమంటాడు. అవధాని తన శక్తినంతా పద్యం మీద పెట్టగలిగేది ఆయన అండతోనే. మన జీవితాల్లో ఈ మనిషి ఎక్కడ?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఆవిడ లెక్కల టీచరు. సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. నేను పాదాలు, గడియలు అంటూ గదిలో తలుపు వేసుకుని, మధ్యలో బయటికొచ్చి "నా కళ్లజోడు చూశావా?" అనేవాణ్ణి. కుక్కరు కూత ఆవిడే వినాలి. పాలవాడికి ఆవిడే డబ్బులివ్వాలి. అత్తగారి మాత్రల వేళ ఆవిడకే గుర్తుండాలి. ఒకరోజు ఎర్రకలం బల్లమీద పెట్టి అడిగింది: "మీ సభలో అయితే సంచాలకులు అడ్డుపడతారు. ఇక్కడ అడ్డుపడేదెవరండీ?"

నేను జవాబు చెప్పలేదు. మన దేశంలో ఆ ప్రశ్నకు పెద్ద లెక్కే ఉంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం బత్తెం లేని ఇంటిపనిలో చేయిపెట్టే ఆడవాళ్లకు అందులో రోజుకు సగటున 289 నిమిషాలు పోతున్నాయి. అదే పనిలో చేయిపెట్టే మగవాళ్లకు 88 నిమిషాలు. చేయే పెట్టని మగవాళ్ల సంగతి ఆ సగటులో లేదు. 289 నిమిషాలంటే పన్నెండు గడియలు దాటింది. అవి కూడా ముక్కలు ముక్కలుగా, ఎవరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు. ఆ ఇల్లాలిని 'అష్టావధాని' అని మెచ్చుకుని ఊరుకోవడం అన్యాయం. సంచాలకుడు లేని సభలో ఆవిణ్ణి ఒంటరిగా నిలబెట్టాం.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఏడు నుంచి ఏడూ నలభై ఎనిమిది దాకా రెండు గడియలు ఆవిడవి. తలుపు, ఫోను, కుక్కరు, మా అమ్మ మాత్రలు నావి. మొదటి వారం పప్పు రెండుసార్లు అడుగంటింది. ఆవిడ వాసన పసిగట్టి కూడా లేవలేదు. లేవకపోవడమే ఎక్కువ కష్టమైందని తర్వాత చెప్పింది.

(గంట)

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లది ఇంకో కష్టం. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా మేనల్లుడి పని కాలిఫోర్నియావాళ్లతో. వేసవిలో అక్కడ పొద్దున తొమ్మిదయితే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. వాళ్ల పని మొదలయ్యే వేళకి వీడి అన్నం కంచం ముందు కంప్యూటరు తెరుచుకుంటుంది. వాడికి నేను గడియలు లెక్కపెట్టుకోమని నీతులు చెబితే ఏం లాభం? అక్కడ సంచాలకుడి పని సంస్థది, చట్టానిది. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, 50 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న సంస్థలు పనివేళల తర్వాత ఉద్యోగిని కదిలించకుండా ఉండే విషయమై ఉద్యోగులతో కూర్చుని మాట్లాడుకోవాలని చట్టం పెట్టారు. ఎనిమిది గంటల పనిదినం కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు అడిగి, పోట్లాడి తెచ్చుకున్నదే. మనసు నిలవకపోవడం ప్రతిసారీ మన బలహీనత కాదు. కొన్నిసార్లు సభ నడిపేవాళ్లు వంతులు పాటించకపోవడం.

చివరిది ధారణ. నాలుగు ఆవృత్తులూ అయ్యాక, అవధాని మొదటి పాదం నుంచి అన్ని పద్యాలూ వరసగా తిరిగి అప్పజెబుతాడు. అవధానానికి ప్రాణం అక్కడుంది. రాత్రి పడుకునే ముందు, దీపం తీసేశాక, నేను ఆ రోజు ధారణ చేస్తాను. పొద్దున ఏ పాదం పూర్తయింది, ఎవరితో ఏం మాట్లాడాను, ఏం తిన్నాను, ఎక్కడ నవ్వాను. ఫోనుతో పోయిన రోజుల్లో ధారణకు ఏమీ దొరకదు. తెరమీద నూరు సంగతులు చూసి ఉంటాను, ఒక్కటీ గుర్తురాదు. మనసు పెట్టిన రోజున చింతచెట్టు కింద కనిపించిన పిచ్చుక కూడా వరసలో వస్తుంది. కాలం బాగా గడిచిందా లేదా అన్నదానికి నా దగ్గర ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

నాకిచ్చిన గడియ అయిపోవచ్చింది. మాటిచ్చాను కాబట్టి అడుగుతున్నాను. గంట ఎన్నిసార్లు మోగింది?

ఎనిమిది అన్నవాళ్లు చెవి బాగానే పెట్టారు, కానీ మొదటిది లెక్కలోకి రాదన్న మాట జారవిడిచారు. ఏడు అన్నవాళ్లకు నా నమస్కారం, మీరు గంటా విన్నారు, మాటా విన్నారు. ఆరు అన్నవాళ్లు ఏమీ చిన్నబుచ్చుకోవద్దు. తొమ్మిదో తరగతిలో నేనూ మీ బెంచీలోనే ఉన్నాను.

ఏనుగు పిల్ల దగ్గర రెండు కొట్టాను.

దీపం వేళవుతోంది, గంట ఇంటికి చేర్చాలి.